వచ్చిందో, రాలేదో

కౌన్సెలింగ్ సెంటర్,
మెట్ల పక్క గది.
ఎండలు ముదరక ముందు.

వదినా,

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేస్తే అమ్మ వంటింట్లోంచి, నాన్న పేపరు చాటునుంచి చెవులు రిక్కించి కూర్చుంటారు కాబట్టి ఉత్తరాలే మేలన్నావు. సరే, దుకాణం చిరునామాకే రాస్తున్నాను. అన్నయ్య చదివేస్తాడన్న భయం లేదు. కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసే మనిషికి అక్షరాలంటే గోడమీద వేలాడే కంటి పరీక్ష అట్టే.

నా గది ఎలా ఉందని అడిగావు. ఒకప్పుడు ఇందులో చీపుళ్ళూ బకెట్లూ పెట్టేవాళ్ళట. ఇప్పుడు రెండు కుర్చీలు, కొంచెం ఓరగా. ఎదురెదురుగా వేస్తే పోలీసు స్టేషన్ అనుకుంటారని పెద్ద మేడమ్ అంటారు. గోడ గడియారం నాకు కనబడాలి, వచ్చినవాళ్ళకి కనబడకూడదు. కాగితపు రుమాళ్ళ పెట్టె వాళ్ళు చేయి చాపితే అందేచోట ఉండాలి కానీ నేను తీసి ఇవ్వకూడదు. ఇస్తే "ఇక ఏడుపు ఆపు" అన్నట్టట. ఇన్నేళ్ళు చదివాను, రుమాలు ఇవ్వడం కూడా ఒక మాటేనని నాకు ఎవరూ చెప్పలేదు.

పెద్ద మేడమ్ అంటే నా మీద పర్యవేక్షణ చేసే ఆవిడ. నేను చూసే ప్రతి మనిషి గురించీ ప్రతి వారం ఆవిడ ముందు కూర్చుని మాట్లాడాలి. నా పని ఆవిడకి నచ్చితేనే బోర్డు వాళ్ళు ఇంటర్వ్యూకి పిలుస్తారు. అందులో నెగ్గితేనే లైసెన్సు. అది లేకుండా నా అంతట నేను గది పెట్టుకుని ఒకరి గోడు వినకూడదు. "వినడానికి కూడా లైసెన్సా?" అని అన్నయ్య నవ్వాడుగా. ముందు మన ఇంట్లో మగవాళ్ళకి పెట్టించాలి ఆ రూలు.

వానలు వెలిశాక ఇక్కడ వీధివైపు, ఎండ పడే గది ఒకటి ఖాళీ అవుతుంది. లైసెన్సు ఎవరికి ముందొస్తే ఆ గదీ, ఉద్యోగమూ వాళ్ళవి. నాకు పోటీ ఒకే ఒక్కడు. వాడి పేరు మేము ఊఁబాబు అని పెట్టాం. ఎవరేం చెప్పినా "ఊఁ" అంటాడు, నిప్పంటుకుందన్నా "ఊఁ" అంటాడు. ఆ గది నాదే, చూస్తూ ఉండు.

ఇక నీ అసలు ప్రశ్న. మీ వీధి బ్యాంకు గుమాస్తా భార్య మాటిమాటికీ బస్సెక్కి మా ఊరొస్తోందనీ, కొంపదీసి నా దగ్గరికేనా అనీ. తల్లీ, ఆవిడ ఇక్కడికి రావడం లేదు. ఏ దర్జీ దగ్గరికో వెళ్తోందేమో. నీ బుర్రకి కాస్త సెలవివ్వు.

నీ
పిచిక


దుకాణం,
గల్లాపెట్టె పక్కన.
ఎండ మండిపోతోంది.

ఏమే పిచికా,

ఆవిడ దర్జీ దగ్గరికే వెళ్తోంది. కొత్త జాకెట్టు చూశాను. నువ్వు చెప్పింది నిజమే.

ఇప్పుడు అసలు సంగతి. మా తమ్ముడికి సంబంధం వచ్చింది. వరసకి నీకు కావాల్సినవాడే, "నీళ్ళంటే భయపడే మనిషి నాకొద్దు" అని నువ్వు పకపకా నవ్వి తప్పించుకున్నావుగా, ఇప్పుడు వాడి రాత చూడు. ఆ అమ్మాయి ఈత నేర్పుతుంది! మీ ఊళ్ళోనే, ఆ పెద్ద కొలనులో, పిల్లలకి. మావాడు నిండు బకెట్టు చూస్తే రెండడుగులు వెనక్కేస్తాడు. అయినా ఒక్కసారి వెళ్ళి మాట్లాడి వచ్చాడు, అంతే, బళ్ళో పిల్లలకి లెక్కలు తప్పుగా చెబుతున్నాడట. వాడిని ఇలా నేనెప్పుడూ చూడలేదు.

అంతా బాగుందనుకుంటే మా మేనత్త వచ్చి పుల్ల పెట్టింది. ఆ అమ్మాయిని మీ సెంటరు గేటు దగ్గర చూసిందట. గేటు లోపలా బయటా అంటే చెప్పలేదు. అద్దాలు మార్చుకోవే అని మొత్తుకుంటూనే ఉన్నాను. చూపు ఆనకపోయినా నోరు మాత్రం ఆనుతుంది ఆవిడకి. మా అమ్మ అప్పట్నుంచీ అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతోంది. "పిల్లకి మనసు బాగోలేదేమో, రేపు మన ఇంటికొచ్చాక ఏమవుతుందో" అని ఒకటే గొణుగుడు.

నువ్వు అక్కడే కూర్చుంటావుగా. ఎందుకొస్తోందో నాకొద్దు. ఏం చెప్పుకుంటోందో అసలే వద్దు. వస్తోందా, లేదా? ఔనంటే ఔను, కాదంటే కాదు. చదివి చింపేస్తాను, నీ మీద ఒట్టు.

నీ
వదిన


కౌన్సెలింగ్ సెంటర్.
ఫ్యాను కింద, చెమటలతో.

వదినా,

చెప్పను.

కోపం తెచ్చుకోకుండా చదువు. ఇక్కడికి ఎవరు వస్తారో, ఎవరు రారో నేను ఎవరికీ చెప్పకూడదు. అది మా నియమాల్లో మొదటిది. దాని మీదే మిగతావన్నీ నిలబడ్డాయి. గేటు దాటి లోపలికి వచ్చేవాళ్ళని ఒకసారి చూడాలి నువ్వు. కొందరు మందుల షాపుకి వెళ్తున్నట్టు అటు తిరిగి, చటుక్కున ఇటు మళ్ళుతారు. ఒకాయన అయితే చేతిలో మీటరు రీడింగు పుస్తకం పట్టుకుని వస్తాడు, ఎవరైనా చూస్తే కరెంటు ఆఫీసు మనిషి అనుకోవాలని. తలుపు మూశాక ఊపిరి వదులుతారు. ఆ ఊపిరి కోసమే కదా మేమిక్కడ ఉన్నది.

నువ్వు మాత్రం కంటి పరీక్షకి వచ్చినవాళ్ళ పవరు ఎంతో ఊరంతా చెప్పుకుంటావా? ఇదీ అంతే. నీ మీద నమ్మకం లేక కాదు.

మీ తమ్ముడికి ఏదైనా అడగాలని ఉంటే ఆ అమ్మాయినే అడగమను. నోరుంది, కాళ్ళున్నాయి, కొలను దారి తెలుసు.

నీ
పిచిక


దుకాణం.
మొదటి వాన పడిన రోజు.

పిచికమ్మా,

పవర్లు చెప్పుకుంటాను, ఎందుకు చెప్పుకోను? పోస్టాఫీసు పెద్దాయనకి ఎడమ కన్ను సున్నా అని వీధిలో కుక్కకి కూడా తెలుసు. కాబట్టే అందరూ ఆయనకి కుడిపక్క నిలబడి మాట్లాడతారు. చెప్పడం వల్ల లాభమే జరిగింది.

సరే, నువ్వు చెప్పకుండానే చెప్పావు. బంగారు తల్లివి. బ్యాంకు గుమాస్తా భార్య రానప్పుడు ఏమన్నావు? "రావడం లేదు" అని టక్కున రాశావు. ఈ అమ్మాయీ రాకపోతే అలాగే ఒక్క ముక్క రాసేదానివిగా? ఇంత పొడుగు పాఠం ఎందుకు చెప్పావో నాకు అర్థం కాలేదనుకున్నావా? నీ నియమమూ నిలబడింది, మా పనీ అయింది. మా అమ్మతో చెప్పాను. ఆ సాయంత్రమే మధ్యవర్తికి కబురు పంపేసింది, ఈ సంబంధం వద్దని. తమ్ముడు కాస్త ముఖం మాడ్చుకున్నాడు. నాలుగు రోజులు పోతే వాడే సర్దుకుంటాడు.

మా కుటుంబాన్ని గట్టెక్కించావు. ఈసారి నువ్వొచ్చినప్పుడు నీకు మంచి ఫ్రేము చూసి పెడతాను.

నీ
వదిన


కౌన్సెలింగ్ సెంటర్.
వాన ఆగలేదు.

వదినా,

నీ ఉత్తరం చదివాక లేచి కిటికీ మూశాను, మళ్ళీ తెరిచాను, మళ్ళీ మూశాను. చేతులకి ఏదో ఒక పని కావాల్సి వచ్చింది.

నువ్వు చేసింది కాదు, నేను చేసింది చూసి. వెంటనే పెద్ద మేడమ్ గదికి వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి విన్నారు. అలా పెట్టారంటే విషయం ముదిరిందని లెక్క.

"ఆ గుమాస్తా భార్య రాలేదనే కదా మేడమ్ నేను చెప్పింది," అన్నాను. "రాని మనిషి గురించి చెబితే ఏ రహస్యం పోయింది?"

"రాలేదని చెప్పడం కూడా చెప్పడమే," అన్నారు. "ఒకరి దగ్గర నోరు తెరిచావు. ఇంకొకరి దగ్గర మూసుకున్నావు. ఇక ఆ మూసిన నోటిని చదవడానికి ఎంతసేపు? మీ వదినకి ఒక్క ఉత్తరం పట్టింది."

"పోనీ ఇప్పుడు ఏదో ఒకటి రాసి సరిచేయనా?"

"గోడకి పడ్డ కన్నం పూడ్చడానికి పక్కన ఇంకో కన్నం పెడతావా?"

బయటికొస్తే ఊఁబాబు వరండాలో నిలబడి ఉన్నాడు. నా ముఖం చూసి మొదటిసారి ఊఁ కాకుండా ఒక పూర్తి వాక్యం అన్నాడు. "బంధువుల మధ్య ఉత్తరాలు, బోర్డుకి ఎవరు చెబుతారు?" అని. నిజమే, ఎవరూ చెప్పరు. అందుకే నేను చెప్పాను. ఎవరి పేరూ లేకుండా, ఎవరు వచ్చారో రాలేదో తెలియకుండా, నేను చేసింది మాత్రం నా చేత్తో రాసి పంపాను. వానలు వెలిశాక జరగాల్సిన నా ఇంటర్వ్యూ వెనక్కి పోయింది. ఎంత వెనక్కో ఇంకా తెలియదు. ఎండ పడే గది ఊఁబాబుది.

దానికి నేను ఏడవలేదు. ఒకచోట మాత్రం ఏడుపొచ్చింది. ఎవరో ఒక అమ్మాయి కొలను గట్టుమీద పిల్లలకి చేతులు ఆడించడం నేర్పుతూ ఉంటుంది. ఎందుకు వద్దన్నారో ఆమెకి ఎవరూ చెప్పరు, కానీ ఎలాగో తెలుస్తుంది. ఆ మాట ఊళ్ళో పాకాక, మందుల షాపు వైపు నడిచే నా వాళ్ళలో ఎంతమంది అటే వెళ్ళిపోతారో!

ఇప్పుడు ఒక్క మాట, గట్టిగా చెబుతున్నాను. నువ్వు అర్థం చేసుకున్నాననుకున్నది నేను చెప్పింది కాదు. ఆ అమ్మాయి నా గడప తొక్కి ఉన్నా ఇదే ఉత్తరం రాస్తాను. ఈ సెంటరు ఏ వీధిలో ఉందో కూడా ఆమెకి తెలియకపోయినా ఇదే ఉత్తరం రాస్తాను. అక్షరం మారదు. నీకు ఏమీ తెలియదు వదినా. ఆ సంగతి మీ అమ్మగారికి చెప్పాల్సింది నువ్వే.

నీ
పిచిక


దుకాణం.

పిచికకి,

బాగుంది. బోర్డుకి రాసుకున్నావు, మేడమ్‌కి చెప్పుకున్నావు. మాకు మాత్రం పాఠాలు. మీ అన్నయ్యని కట్టుకుని ఈ ఇంటికొచ్చినప్పుడు నీకు జడ వేసుకోవడం కూడా రాదు. నీ జడలో పేలు తీసిన చేతులు ఇవి. ఇప్పుడు నీ దగ్గర నాకు ఔను, కాదు అనే రెండు ముక్కలకి కూడా విలువ లేదు.

మా తమ్ముడిని నువ్వు కాదన్నావు. పోనీలే అనుకున్నాం. ఇప్పుడు వాడికి ఎవరు కుదురుతారో, ఎవరు కుదరరో నీకు పట్టలేదు. పరాయి పిల్ల కోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్నావు. వాడు తిండి మానేశాడు, వాడి కోసం ఒక చుక్క రాలిందా?

మా అమ్మ దగ్గరికి వెళ్ళి "నేను అబద్ధం చెప్పాను" అని నేనెందుకు చెప్పాలి? నలుగురి ముందు నా పరువు తీసుకోవాలా? నీ లైసెన్సు నువ్వు చూసుకో. నా కాపురం, నా పుట్టిల్లు నేను చూసుకుంటాను.

ఇక ఉత్తరాలు రాయకు. దుకాణంలో పనెక్కువగా ఉంది.


కౌన్సెలింగ్ సెంటర్,
మళ్ళీ మెట్ల పక్క గదే.

వదినా,

రాయవద్దన్నావు, అయినా రాస్తున్నాను. ఒక్కటే పేజీ.

పేలు తీసిన చేతులు గుర్తున్నాయి. ఆ చేతులే పట్టుకుని అడిగినా ఇదే చెబుతాను. నువ్వు జన్మలో నాతో మాట్లాడనన్నా ఇదే చెబుతాను. అమ్మ అడిగినా, అన్నయ్య అడిగినా, రేపు నేను కట్టుకోబోయేవాడు అడిగినా.

నీకు విలువ లేదనుకోకు. నాకు ఈ ప్రపంచంలో చెప్పాలనిపించే మనిషివి నువ్వే. అందుకే మొదటిసారి నోరు జారింది నీ దగ్గరే.

మీ తమ్ముడు తిండి మానేశాడని రాశావు. దానికి చుక్క రాలింది. బోర్డుకి అది అనవసరం కాబట్టి రాయలేదు, నీకు రాస్తున్నాను.

ఇంటర్వ్యూ వచ్చే ఎండాకాలానికి పడింది. అంతవరకూ ఇక్కడే ఉంటాను. బకెట్ల వాసన అలవాటైపోయింది.

పిచిక


దుకాణం, వెనక గది.
చలి మొదలైంది.

పిచికా,

చాలా రోజులైంది. నీ చివరి ఉత్తరం కళ్ళజోళ్ళ పెట్టెల అడుగున దాచాను. మీ అన్నయ్య రెండుసార్లు "ఉత్తరం రాలేదా" అని అడిగాడు. ఆయనకీ పట్టింపు ఉంటుందని నాకు ఇప్పుడే తెలిసింది.

మా అమ్మ దగ్గరికి వెళ్ళాను. "అమ్మా, పిచిక నాకేమీ చెప్పలేదు, నేనే నా తెలివి ఉపయోగించి అల్లాను" అన్నాను. మా మేనత్త అక్కడే ఉంది. "నేను కళ్ళారా చూశాను కదే" అంది. "అత్తా, నీ ఎదురుగా నిలబడ్డది నేనో మా అమ్మో చెప్పు చూద్దాం" అన్నాను. తప్పు చెప్పింది. తమ్ముడు పక్కగదిలోంచి నవ్వాడు. ఎన్నాళ్ళకి విన్నానో ఆ నవ్వు.

మర్నాడు వాడు కొలను దగ్గరికి వెళ్ళాడు. గట్టుకి ఆమడ దూరంలో నిలబడి పిలిచాడట. ఆ అమ్మాయి తడి తలతోనే వచ్చింది. "మీవాళ్ళు వద్దన్నారుగా, మళ్ళీ ఎందుకొచ్చారు?" అంది. వాడు జరిగిందంతా ఒక్కటీ దాచకుండా చెప్పాడు. ఆ అమ్మాయి విని ఏదో ఒకటి చెప్పింది. ఏమిటో వాడు నాకు చెప్పాడు. నీకు నేను చెప్పను. మూతి ముడుచుకోకు, నీ దగ్గరే నేర్చుకున్నాను.

చెప్పగలిగిందొకటి ఉంది. పెళ్ళికి ఆమె ఒప్పుకోలేదు. "నా గురించి నన్ను అడగకుండా ఊరంతా అడిగే ఇంట్లో ఉండలేను" అందట. సరిగ్గానే అంది. నేనే ఆ స్థానంలో ఉంటే చెప్పు తీసేదాన్ని. మావాడు ఇప్పుడు శనివారాలు ఆ కొలనులో పెద్దవాళ్ళ క్లాసుకి వెళ్తున్నాడు. నడుములోతు దాకా దిగాడట. ఏమవుతుందో నేను అడగడం లేదు.

ఇంకోటి. ఇది రాయడానికే ఇంత చుట్టు తిరిగాను.

నిరుడు నాకు కడుపు పోయిందిగా. అప్పుడు నేను బాగానే ఉన్నాను, అందరూ మెచ్చుకున్నారు, మూడోనాటికే దుకాణానికి వచ్చేశానని. కంటి పరీక్ష చేసే చీకటి గది తెలుసుగా నీకు, తలుపు మూసి, దీపం ఒక్కటే పెట్టి, మనిషి కంట్లోకి చూడాలి. ఈ మధ్య ఆ తలుపు మూయలేకపోతున్నాను. మూస్తే గుండె గొంతులోకి వస్తుంది. చేతులు చల్లబడతాయి. ఒకామె "మీకే ఏదో అయినట్టుందమ్మా" అంది. తలుపు తెరిచి పెట్టి పరీక్ష చేస్తున్నాను. ఇద్దరికి తప్పు అద్దాలు ఇచ్చాను. మీ అన్నయ్యకి కళ్ళు నొప్పని అబద్ధం చెప్పాను.

నీ దగ్గరికి వస్తాను. నువ్వు నోరు విప్పవని ఇంత గొడవ పడ్డాక నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఎప్పుడు రమ్మంటావు?

వదిన


కౌన్సెలింగ్ సెంటర్.
చలి.

వదినా,

నువ్వు రా. ఎప్పుడంటే అప్పుడు రా. నా గదిలో పడుకో, నా దుప్పటి లాక్కో, నా తల దువ్వు. కానీ ఆ కుర్చీలో కూర్చోవడానికి మాత్రం నా దగ్గరికి రాకు.

ఇదీ నియమమే, కానీ దీనికి నియమం అక్కర్లేదు కూడా. నువ్వు కడుపు పోయిన సంగతి చెబుతుంటే నేను మా అన్నయ్య బిడ్డ గురించి వింటాను. నా మేనల్లుడో మేనకోడలో అనుకుంటూ వింటాను. నా ఏడుపు నీ ఏడుపులోకి దూరుతుంది. నీకు కావాల్సింది నీ మాట మాత్రమే వినే మనిషి. రేపు పండుగపూట ఎదురుపడి కూర వడ్డించని మనిషి.

మీ ఊళ్ళోనే పెద్దాసుపత్రి వెనక వీధిలో ఒకావిడ ఉన్నారు. పెద్ద మేడమ్‌ని అడిగి తెలుసుకున్నాను, నీ సంగతి చెప్పకుండానే. వెళ్ళగానే గోడమీద లైసెన్సు ఉందో లేదో చూడు. కనబడకపోతే అడుగు, సిగ్గుపడకు. అడిగితే కోపం తెచ్చుకునేవాళ్ళ దగ్గర కూర్చోకు. "నేను చెప్పింది ఎవరికి తెలుస్తుంది?" అని అడుగు. "ఎవరికీ తెలియదు" అని ఊరికే తీసిపారేస్తే నమ్మకు. నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉంటే తప్ప చెప్పనని, ముందే విడమరిచి చెప్పాలి. నచ్చకపోతే మధ్యలో లేచి వచ్చేయ్. నీకా హక్కు ఉంది. తలుపు మూయాలో తెరవాలో కూడా నువ్వే చెప్పొచ్చు.

తప్పు అద్దాలు ఇచ్చిన ఆ ఇద్దరినీ పిలిచి మార్చి ఇవ్వు. ఏదో ఒక కారణం చెప్పు, లేదా కారణం చెప్పకు.

వెళ్ళావో లేదో నాకు రాయకు వదినా. నాకు చచ్చేంత తెలుసుకోవాలని ఉంటుంది. అయినా రాయకు. నేను అడగను.

నీ
పిచిక


దుకాణం.
ఎండలు వచ్చేశాయి.

లైసెన్సు గల పిచికమ్మ గారికి,

మీ అన్నయ్య నీ కబురు విన్నప్పట్నుంచీ దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాడు, మా చెల్లెలికి వినడానికి లైసెన్సు వచ్చిందని. పోస్టాఫీసు పెద్దాయన "వినడానికా, మంచిది, మాట్లాడేవాళ్ళకి కూడా ఒకటి ఇవ్వమనండి" అన్నాడు. ఇంటర్వ్యూలో బోర్డు వాళ్ళు నీ పాత తప్పు గురించే అంతసేపు అడిగారని రాశావు, నువ్వు కళ్ళు దించకుండా చెప్పావని కూడా రాశావు. దించవు. ఆ కళ్ళకి పవరు నేనే చూశాను.

దాన్ని గోడకి తగిలించడానికి ఒక ఫ్రేము పంపుతున్నాను. మీ అన్నయ్యే గాజు కోశాడు. ఏ వంక నుంచి చూసినా వెలుతురు అడ్డం రాదు.

ఇక్కడ అందరం బాగున్నాం. మొన్న బేరం లేనివేళ దుకాణం మీ అన్నయ్యకి అప్పజెప్పి బయల్దేరుతుంటే ఆయన అద్దం అరగదీయడం ఆపి, "నెల్నాళ్ళుగా చూస్తున్నాను, మంగళవారం వచ్చేసరికి ఎక్కడికే నువ్వు పోయేది?" అన్నాడు.

"చెప్పను," అన్నాను.

చెప్పులేసుకుని వచ్చేశాను.

నీకూ చెప్పడం లేదు.

నీ
వదిన